ముందు పూర్తి పేరు చెప్పు

ఇంజనీరింగ్‌లో నా రూమ్మేట్ ఒకడు చివరి ఏడాది క్యాంపస్ ఇంటర్వ్యూలకి కూర్చోకుండా పైలట్ ట్రైనింగ్‌కి వెళ్ళిపోయాడు. వాళ్ళ నాన్న రెండెకరాలు అమ్మి ఫీజు కట్టాడు. వాణ్ణి ఏడిపించింది మాత్రం విమానం కాదు, రేడియో. మన దేశంలో విమానం నడపడం వచ్చినంత మాత్రాన సరిపోదు. గాల్లోంచి టవర్‌తో మాట్లాడ్డానికి వేరే లైసెన్సు ఉండాలి. ఆర్‌టీఆర్ అంటారు దాన్ని. ఎదురుగా కూర్చున్న పరీక్షాధికారి టవర్ అవుతాడు, అభ్యర్థి గాల్లో ఉన్నట్టే మాట్లాడాలి. మావాడు మొదటిసారి పరీక్ష తప్పి మా గదికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఏం పోయిందిరా అని అడిగితే, "పేరు పొట్టిగా చెప్పాను" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. లేచి కూర్చుని చెప్పాడు. విమానం మీద వీటీ-ఏబీసీ అని రాసి ఉందనుకో. అదే దాని పేరు, రేడియోలో కూడా అదే. మొదటిసారి టవర్‌ని పిలిచేటప్పుడు అయిదక్షరాలూ పలకాలి: విక్టర్ టాంగో ఆల్ఫా బ్రావో చార్లీ. తర్వాత దాన్ని విక్టర్ బ్రావో చార్లీ అని కుదించొచ్చు, అంటే మొదటి అక్షరం, చివరి రెండు. కానీ ఆ కుదింపు పైలట్ మొదలుపెట్టకూడదు. టవర్ ముందు పొట్టిగా పిలిస్తేనే పైలట్ పొట్టిగా పలకాలి. మావాడు తొందరపడ్డాడు.

మా పెద్దమ్మ ఇలాంటి మాటే చెప్పేది. కొత్తవాళ్ళెవరితోనైనా "మీరు" అనే మొదలుపెట్టాలి, అవతలి పెద్దమనిషి "నువ్వు అనవయ్యా" అన్నాకే దిగాలి. విమానాల్లో కూడా ఇదేదో మర్యాద వ్యవహారం అనుకున్నాను. చాలా ఏళ్ళ తర్వాత, ఆఫీసులో పని లేని ఒక వారం ఈ విషయం మీద దొరికినవన్నీ చదివినప్పుడు తెలిసింది, అది మర్యాద కాదని. పైలట్‌కి తన విమానం ఒక్కటే తెలుసు. అదే ఫ్రీక్వెన్సీలో, ఇంకో పది నిమిషాల్లో, బీసీ అనే అక్షరాలతో ముగిసే మరో విమానం రాబోతోందని టవర్‌లో కూర్చున్న మనిషికి మాత్రమే తెలుసు. పేరుని కుదించే అధికారం అందరి పేర్లూ తెలిసినవాడిది. ప్రోగ్రామర్ బుర్రకి ఇది వెంటనే ఎక్కుతుంది: ఒక పేరు యూనిక్ అవునో కాదో ఆ పేరున్నవాడు చెప్పలేడు, టేబుల్ మొత్తం చూడగలిగినవాడే చెప్పగలడు.

పెద్ద విమానాలకి ఈ గొడవ పెద్దగా లేదు. ఎయిర్‌లైన్ ఫ్లైట్లకి కంపెనీ పేరూ ఫ్లైట్ నంబరూ ఉంటాయి. సొంత విమానం నడుపుకునేవాళ్ళు, ఫ్లయింగ్ క్లబ్బులో నేర్చుకునేవాళ్ళు, వీళ్ళకే ఆ తోక మీది అక్షరాలు గతి. ఆ అక్షరాలు ఎక్కడివి, ఎవరిచ్చారు అన్నది తవ్వుతూ పోతే మాత్రం ఒక పాత తగువు దగ్గరికి చేరతాం.

ఆ తగువు మీరు వాట్సాప్‌లో చూసే ఉంటారు. మన విమానాల మీద ఉండే వీటీ అంటే "వైస్రాయ్స్ టెరిటరీ" అట. కొన్ని ఫార్వర్డుల్లో "విక్టోరియన్ టెరిటరీ". స్వాతంత్ర్యం వచ్చి ఇన్నేళ్ళయినా బానిస ముద్ర మోస్తున్నాం అని సారాంశం. ఇది వాట్సాప్‌తో ఆగలేదు. పార్లమెంటులో ప్రస్తావనకొచ్చింది. 2022లో ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం కూడా పడింది. కోర్టు జోక్యం చేసుకోలేదు, ప్రభుత్వాన్ని అడగమంది. చదివిన మొదట్లో నాకూ రక్తం మరిగింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

కానీ విమానాలకి అక్షరాలు ఇచ్చింది రాజులు కాదు, టెలిగ్రాఫ్ గుమాస్తాలు. 1912లో లండన్‌లో రేడియో టెలిగ్రాఫ్ మీద అంతర్జాతీయ సభ జరిగింది. టైటానిక్ మునిగి అప్పటికి కొన్ని నెలలే. ఓడలూ ఒడ్డు మీది స్టేషన్లూ మోర్స్‌లో మాట్లాడుకుంటున్నాయి, ఎవరు ఎవరో తెలియడానికి తలా ఒక గుర్తు కావాలి. అందుకని ఇంగ్లీషు అక్షరమాలని దేశాలకి పంచారు. 1913 నాటి పంపకంలో వీ అక్షరం మొత్తం బ్రిటిష్ సామ్రాజ్యపు భాగాలకి వెళ్ళింది, వరసగా. మొదటి ముక్క కెనడాకి. వీహెచ్ నుంచి ఆస్ట్రేలియాకి. తర్వాత న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, న్యూఫౌండ్‌లాండ్. వీపీఏ నుంచి వీఎస్‌జెడ్ దాకా చిల్లర వలసలకి. ఆ తర్వాత మిగిలింది, వీటీఏ నుంచి వీడబ్ల్యూజెడ్ దాకా, బ్రిటిష్ ఇండియాకి. వీఎస్ తర్వాత వచ్చేది వీటీ కాబట్టి వీటీ. రేషన్ క్యూలో మన వంతు అక్కడ పడింది.

నమ్మకం కలగకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. మన దేశంలో హామ్ రేడియో పెట్టుకున్నవాళ్ళ కాల్ సైన్లు వీయూ తో మొదలవుతాయి. రాజీవ్ గాంధీది వీయూ2ఆర్‌జీ. ఆయన ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్ కూడా, అంటే గాల్లో వీటీ, ఇంట్లో వీయూ. వీటీ అంటే వైస్రాయ్ టెరిటరీ అయితే వీయూ ఏమిటి? వీడబ్ల్యూ ఏమిటి? యూకి, డబ్ల్యూకి కూడా ఎవరైనా ఏదో ఒకటి అల్లేలోపు ఇంకో విషయం. పాకిస్తాన్ విమానాల మీద ఏపీ అని ఉంటుంది. అంతమాత్రాన అవి విజయవాడ ఆర్టీవో ఆఫీసులో రిజిస్టరయ్యాయని మనం అనుకోలేదు కదా.

అయితే ఫార్వర్డు పంపినవాళ్ళని వెక్కిరించి ఊరుకోవడం కూడా నాకు నచ్చదు. వాళ్ళ కోపంలో ఒక నిజం ఉంది, అది వాళ్ళు అనుకున్న చోట లేదు. 1919లో పారిస్‌లో విమానాలకి మొదటి అంతర్జాతీయ ఒప్పందం రాసినప్పుడు ప్రతి విమానానికీ అయిదక్షరాల గుర్తు పెట్టారు: దేశానికి ఒకటి, గీత, తర్వాత నాలుగు. ఫ్రాన్సుకి ఎఫ్, ఇటలీకి ఐ, బ్రిటన్‌కి జీ. సామ్రాజ్యం మొత్తానికీ ఆ జీ నే. మన విమానాలు జీ-ఐఏఏఏ నుంచి మొదలయ్యాయి. వలస ముద్ర చూడాలంటే అక్కడ చూడాలి: ఆ గీతకి ముందు బ్రిటన్, తర్వాత ఒక మూలన ఇండియా. ఆస్ట్రేలియాది జీ-ఏయూ, కెనడాది జీ-సీఏ. 1927లో వాషింగ్టన్‌లో రేడియో అక్షరాలని మళ్ళీ సర్దారు, 1929 నుంచి విమానాలు కూడా ఆ రేడియో అక్షరాలనే పెట్టుకోవడం మొదలైంది. అప్పుడు జీ పోయి వీటీ వచ్చింది. అంటే చాలామంది బానిస గుర్తు అనుకుంటున్న ఆ రెండక్షరాలే బ్రిటన్ అక్షరం కిందనుంచి మన విమానాల్ని బయటికి తెచ్చినవి. అప్పటికింకా దేశానికి రాని ప్రత్యేక గుర్తింపు మన విమానం తోకకి వచ్చింది. ఆ బల్లల దగ్గర మన తరఫున మాట్లాడిన ప్రభుత్వం మనది కాదన్నదీ నిజమే.

పారిస్ ఒప్పందంలో ఇంకో తమాషా నిబంధన. ఆ నాలుగక్షరాల్లో కనీసం ఒక అచ్చు ఉండాలి. వై ని కూడా అచ్చు కింద లెక్కేసుకోవచ్చు. పేరుని పేరులా పలకడానికి వీలుండాలనేమో. అచ్చు లేకుండా ఏ అక్షరమూ పలకని మన భాషవాళ్ళు ఆ గదిలో ఉంటే ఇది రూలుగా రాయాల్సిన పనేంటని అడిగేవాళ్ళు. ఆ నిబంధన తర్వాత పోయింది. ఇప్పటి నిబంధనలు వద్దనేవి వేరే: ఎస్‌ఓఎస్, పాన్ లాంటి ఆపద సంకేతాలుగా వినిపించేవి, టెలిగ్రాఫ్ వాళ్ళ క్యూ కోడ్‌లో ఉన్నవి.

వీటీని మార్చుకోవచ్చా అంటే, మార్చుకోవచ్చు. మనం కోరుకున్నదానికి కాదు. విమానం మీది దేశపు గుర్తు ఆ దేశానికి రేడియో కింద కేటాయించిన అక్షరాల్లోంచే రావాలి. మనకున్నవి మూడు ముక్కలు: వీటీ నుంచి వీడబ్ల్యూ, ఏటీ నుంచి ఏడబ్ల్యూ, 8టీ నుంచి 8వై. ఇండియాకి ఐఎన్ బాగుంటుంది, కానీ ఐ మొత్తం ఇటలీది. భారత్‌కి బీహెచ్ అంటే బీ చైనాది. హిందుస్తాన్‌కి హెచ్ఐ అందామంటే అది డొమినికన్ రిపబ్లిక్‌ది. మన చేతిలో ఉన్న ఏ ముక్కలోనూ మన పేరు లేదు. వందల విమానాలకి రంగు వేయించి, కాగితాలన్నీ మార్చి, వీటీ తీసి 8టీ పెట్టుకుంటే ఏ అభిమానం తృప్తి పడుతుందో నాకు తెలీదు. ఆస్ట్రేలియా ఇప్పటికీ వీహెచ్ తోనే ఎగురుతోంది.

ఆ వీటీలతో మొదట్లో ఎగిరినవాళ్ళలో ఒకరు జేఆర్‌డీ టాటా. 1929 ఫిబ్రవరి 10న ఆయనకి వచ్చిన పైలట్ లైసెన్సు మీద నంబరు 1. 1932 అక్టోబర్ 15న కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయి జుహూకి పాతిక కిలోల ఉత్తరాలతో ఒంటరిగా వచ్చారు. అక్కణ్ణించి నెవిల్ వింట్సెంట్ బళ్ళారి మీదుగా మద్రాసుకి తీసుకెళ్ళారు. ఆ పుస్ మాత్ విమానం పేరు వీటీ-ఏడీఎన్. ఈ కథ మనం చాలాసార్లు విన్నాం. నేను ఆగిపోయింది మాత్రం ఇక్కడ: ఆ విమానంలో రేడియో లేదు. రేడియో కోసమని ప్రపంచం కూర్చుని పంచిన అక్షరాలు రెక్క మీద ఉన్నాయి, వాటిని పలకడానికి లోపల యంత్రం లేదు. పలికినా వినేవాళ్ళు ఎంతమంది?

లిండ్‌బర్గ్‌దీ అదే పరిస్థితి. 1927 మేలో న్యూయార్క్ నుంచి పారిస్‌కి ముప్ఫై మూడున్నర గంటలు ఎగిరిన విమానం రెక్క మీద ఎన్-ఎక్స్-211 అని ఉంటుంది. ఎన్ అమెరికా, ఎక్స్ ప్రయోగాత్మకం. బరువని రేడియో పెట్టుకోలేదు. తన పేరు తను చెప్పుకోలేని విమానం ప్రపంచంలో అందరికీ పేరు తెలిసిన విమానం అయింది.

ఆ పదేళ్ళలో రేడియో విమానాల్లోకి వచ్చింది, కానీ పేర్లు కలవలేదు. అమేలియా ఇయర్‌హార్ట్ 1937లో భూమధ్యరేఖ వెంబడి ప్రపంచం చుట్టడానికి బయలుదేరిన లాక్‌హీడ్ ఎలక్ట్రా మీద రాసింది ఎన్ఆర్16020. రేడియోలో ఆమె పలికింది అది కాదు. విమానంలోని రేడియో సెట్‌కి వేరే లైసెన్సు, దానికి వేరే పేరు: కేహెచ్ఏక్యూక్యూ. ఒక విమానానికి బోర్డు మీద ఒక పేరు, నోట్లో ఒక పేరు. జూలై 2న పసిఫిక్‌లో హౌలాండ్ అనే దీవి కోసం ఆమె వెతుకుతోంది. ఆ దీవి పక్కనే ఇటాస్కా అనే కోస్ట్‌గార్డ్ ఓడ. ఆమె గొంతు ఓడకి గట్టిగా వినిపిస్తోంది. ఓడ పిలుపు మాత్రం ఆమెకి దాదాపు అందలేదు. ఉదయం తొమ్మిదికి కాస్త ముందు ఆ పేరు ఆఖరిసారి స్పష్టంగా వినపడింది. ఆ తర్వాత కొన్ని రోజులపాటు పసిఫిక్ చుట్టూ, అమెరికాలో కూడా, రేడియో ముందు కూర్చున్న చాలామంది ఆ అయిదక్షరాలు విన్నామన్నారు. కొన్ని ఆకతాయి పనులు, కొన్ని ఆశతో విన్నవి, కొన్నింటి గురించి ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. విమానం, మనుషులు దొరకలేదు. పేరు మాత్రం గాల్లో తిరిగింది.

పేరు రెండు కాకుండా ఒకటే అయితే సరిపోదు, అవతలివాడికి అదే పేరుగా వినిపించాలి కూడా. బీ, డీ, ఈ, జీ, పీ, టీ, వీ — గరగరమనే రేడియోలో ఇవన్నీ ఒకటే. ఫోన్లో కస్టమర్ కేర్‌కి ఇంటిపేరు స్పెల్లింగ్ చెప్పిన ప్రతి తెలుగువాడికీ ఈ బాధ తెలుసు. బీ ఫర్ బాంబే, డీ ఫర్ ఢిల్లీ. విమానాలవాళ్ళు దీనికోసం ఏళ్ళ తరబడి తంటాలు పడ్డారు. యుద్ధకాలంలో ఏబుల్ బేకర్ అంటూ ఒక వరస ఉండేది, ఇంగ్లీషు నాలుకలకే సరిపోయేది. మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో ఝాన్-పాల్ వినే అనే భాషాశాస్త్రవేత్త ఇంగ్లీషు, ఫ్రెంచ్, స్పానిష్ మాట్లాడేవాళ్ళందరికీ నప్పే మాటల కోసం పని చేశాడు. దాన్ని సరిచేసి 1956 మార్చి 1 నుంచి అమల్లో పెట్టిందే ఇప్పటి ఆల్ఫా బ్రావో చార్లీ. జూలియెట్‌కి చివర రెండు టీలు రాస్తారు, ఒకటే ఉంటే ఫ్రెంచివాళ్ళు దాన్ని మింగేస్తారని. అట్లాంటా ఎయిర్‌పోర్టులో మాత్రం చాలాకాలం డెల్టా అనే మాటని డీ అనే ట్యాక్సీవేకి వాడలేదు, డిక్సీ అన్నారు. అక్కడ కనిపించే విమానాల్లో సగానికి సగం డెల్టా కంపెనీవే మరి.

అందుకే పేరు మొదటిసారి పూర్తిగా పలకమనేది. అమెరికా విమానయాన శాఖ పైలట్లకి ఇచ్చే మాన్యువల్లో కూడా ఇదే ఉంది: మొదటి పలకరింపులో ఎప్పుడూ కుదించొద్దు, అలాంటి నంబరో శబ్దమో ఉన్న ఇంకో విమానం ఉంటే అసలే కుదించొద్దు, తప్పుగా పలికితే ఇంకొకరికి ఇచ్చిన అనుమతిని నువ్వు పాటిస్తావు. వేయి అడుగులు దిగమని ఒకడికి చెబితే ఇంకొకడు దిగుతాడు. వాళ్ళ దగ్గర సొంత విమానాలు ఎక్కువ, అందుకే అలవాట్లూ ఎక్కువ. ఎన్ కి బదులు సెస్నా, పైపర్ అని విమానం రకం చెప్పి నంబరు చెబుతారు, వాకబు చేసేవాడికి బొమ్మ కళ్ళముందు కట్టేలా. అది అనుమతించిన పద్ధతే. అనుమతి లేనిది పైలట్ తనంతట తను ఆఖరి మూడు అంకెలకి దిగిపోవడం. గాల్లో ఉండగా పేరు రకం మార్చడం కూడా కూడదు, భద్రత కోసం టవరే తాత్కాలికంగా మార్చమంటే తప్ప.

తోక మీది అక్షరాలు భద్రత కోసమే కాదు, జవాబుదారీ కోసం కూడా. విమానం ఏ దేశంలో రిజిస్టరైతే ఆ దేశపు పౌరసత్వం దానిది అని 1944 షికాగో ఒప్పందం రాసుకుంది. దీని బరువు నాలుగేళ్ళు తిరక్కుండానే మన ఇంట్లో తెలిసొచ్చింది. నిజాం రాజ్యానికి సొంత నాణెం, సొంత తపాలా బిళ్ళ, సొంత రైల్వే ఉండేవి. బేగంపేట కేంద్రంగా 1945లో టాటాలతో కలిసి పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ విమానాల మీద మాత్రం వీటీ నే. (వైస్రాయ్ టెరిటరీ వాదానికి ఇదో దెబ్బ: హైదరాబాద్ ఆయన ఏలుబడి కాదు, నిజాంది.) 1948లో ఇండియా చుట్టూ దిగ్బంధం బిగించినప్పుడు నిజాం ప్రభుత్వం ఆయుధాల కోసం సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియన్‌ని పట్టుకుంది. మొదటి యుద్ధంలో పైలట్లకి వెచ్చటి సిడ్‌కాట్ సూట్ కనిపెట్టినవాడు, రెండో యుద్ధం ముందు ఆకాశం నుంచి గూఢచారి ఫోటోలు తీయడంలో ఘటికుడు. బాంబర్ విమానానికి పౌర వేషం వేసిన లాంకాస్ట్రియన్లు తెచ్చి, కరాచీ నుంచి రాత్రిపూట బీదర్‌కి, వరంగల్‌కి తుపాకులు దించాడు.

ఆ విమానాలు ఎవరివి? సరుకు నిజాంది, ఎగిరింది పాకిస్తాన్ నేల మీదనుంచి, నడిపించింది ఆస్ట్రేలియన్. కానీ తోక మీద జీ. బ్రిటిష్ రిజిస్ట్రేషన్. అందుకే ఇండియా కోపం లండన్ వైపు తిరిగింది, లండన్‌కి తప్పించుకోవడానికి లేకపోయింది. సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ అయిదు రోజుల్లో ముగిసింది. తర్వాతి ఏడాది కాటన్‌కి లండన్ కోర్టు విమానయాన చట్టం కింద 200 పౌండ్ల జరిమానా వేసింది. ఒక రాజ్యం మునిగిన కథలో చట్టానికి దొరికింది అంత చిన్న కొస. అయినా దొరికింది, ఆ అక్షరం వల్లే. వరంగల్‌లో పెరిగినవాళ్ళు మామునూరు ఎయిర్‌పోర్టు ఎప్పుడు తెరుస్తారని దశాబ్దాలుగా అడుగుతూ వచ్చారు. వాళ్ళలో ఎంతమందికి ఈ రాత్రి విమానాల కథ తెలుసో.

దేశపు గుర్తు తర్వాతి అక్షరాల్లో కాస్త సొంత ఇష్టానికి చోటుంది. ఫ్యాన్సీ నంబరు ప్లేటు లాంటిదే. విజయ్ మాల్యా సొంత ఎయిర్‌బస్ పేరు వీటీ-వీజేఎం, ఆయన పేరులోని అక్షరాలు. 2016 మార్చిలో ఆయన దేశం దాటారు. విమానం ముంబైలో ఉండిపోయింది. పన్ను బాకీ కింద దాన్ని పట్టుకుని వేలం వేస్తే చాలాసార్లు సరైన ధర రాలేదు. చివరికి ఒక అమెరికన్ కంపెనీ కొనుక్కుంది. అంతకాలం ఎండకీ వానకీ ఆ మూడు అక్షరాలూ అలాగే ఉన్నాయి.

ఇంకో పేరు ఉంది, దాన్ని తేలిగ్గా రాయలేను. వీటీ-ఏపీజీ. చివరి మూడూ ఆంధ్రప్రదేశ్ గవర్నమెంట్ అని ఊహించడానికి కష్టపడక్కర్లేదు. 2009 సెప్టెంబర్ 2 పొద్దున బేగంపేట నుంచి చిత్తూరు వైపు బయలుదేరిన బెల్ 430 హెలికాప్టర్. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితో కలిపి అయిదుగురు. నల్లమల మీద వాన. నేనప్పుడు కాలేజీలో, హాస్టల్ టీవీ గదిలో ఆ పగలూ ఆ రాత్రీ ఎవరం కదల్లేదు. తెల్లారాక కొండ మీద శకలాలు కనిపించాయి. ఆ పేరు చాలా ఏళ్ళ తర్వాత, ఈ చదువులో, ఒక పట్టికలో ఒక వరసగా తగిలింది. పట్టిక అక్కడ మూసేసి మర్నాడు మళ్ళీ తెరిచాను.

ఇప్పుడు పేరు నోటితో పలక్కపోయినా విమానం పలుకుతూనే ఉంటుంది. ఏడీఎస్-బీ అనే పరికరం తన స్థానాన్నీ, ఎత్తునీ, పేరునీ సెకనుకోసారి లోకానికి చెబుతుంటుంది. ప్రతి విమానానికీ 24 బిట్ల ఒక అంకె. ఇందులో కూడా దేశాలవారీ పంపకం: అమెరికాకి రెండు పవర్ ఇరవై, అంటే పది లక్షల పైచిలుకు, మనకి రెండు పవర్ పద్ధెనిమిది, 2,62,144. హెక్సాడెసిమల్లో మన అంకెలు 8 తో మొదలవుతాయి. బాల్కనీలో నిలబడి ఫోన్ ఎత్తి ఈ శంషాబాద్ విమానం ఎక్కడిదని చూడగలుగుతున్నామంటే దానివల్లే. అమెరికాలో అయితే ఎన్ నంబరు నుంచి ఆ అంకెని లెక్కగట్టే సూత్రం ఉంది, ఎన్1 అంటే ఏ00001. ఇంటర్వ్యూలో అడగదగ్గ ప్రశ్న.

దీంతో సొంత విమానాలున్నవాళ్ళకి కొత్త చికాకు మొదలైంది. ఎలాన్ మస్క్ జెట్ ఎక్కడ దిగిందో ఒక కాలేజీ కుర్రాడు ట్విట్టర్‌లో పెడుతూ పోయాడు. 2022 డిసెంబర్‌లో, అప్పటికి తనదైపోయిన ట్విట్టర్‌లో, మస్క్ ఆ ఖాతా మూయించాడు. కుర్రాడు దొంగిలించిందేమీ లేదు, గాల్లో అరుస్తున్న పేరుని విన్నాడంతే. ఇలాంటివాళ్ళ కోసం అమెరికాలో ఒక పద్ధతి ఉంది. విమానానికి యజమాని పేరుతో ముడిపడని తాత్కాలిక 24 బిట్ల అంకె ఇస్తారు. దానితోపాటు ఎన్ నంబరు బదులు అద్దె పేరు వాడాలి. ఒక కంపెనీ ఇచ్చే పేరు "డాట్‌కామ్", దాని పక్కన ఒక నంబరు. అమెరికా ఆకాశంలోనే చెల్లుతుంది, సరిహద్దు దాటితే అసలు పేరుకి రావాల్సిందే.

కాటన్ గుర్తొచ్చాడు నాకు ఇది చదువుతుంటే. తేడా ఏమిటంటే, ఇక్కడ దాక్కునేది వింటున్న లోకం నుంచి, టవర్ నుంచి కాదు. అద్దె పేరు తీసుకున్నవాడికి నిబంధనలు మామూలువాడి కంటే కఠినం. ఫ్లైట్ ప్లాన్‌లో రాసిన పేరు, పరికరం పంపే పేరు, నోటితో పలికే పేరు, మూడూ ఒక్కటే ఉండాలి. ఇరవై ఏళ్ళుగా "నవంబర్" అని మొదలుపెట్టిన నాలుక ఒకసారి అలవాటు కొద్దీ జారి పాత పేరు చెప్పిందనుకోండి, అవతల స్క్రీన్ మీద ఆ పేరుతో ఎవరూ లేరు. ఫ్రీక్వెన్సీ మీద ఉన్న అందరికీ అసలు పేరు తెలిసిపోతుంది, కంట్రోలర్‌కి మాత్రం ఎవరు మాట్లాడుతున్నారో తెలీదు. డబ్బు కట్టి కొనుక్కున్న గోప్యత ఒక్క మాటతో తలకిందులవుతుంది.

మా రూమ్మేట్ రెండోసారికి పరీక్ష పాసయ్యాడు. ఇప్పుడు ఒక ఎయిర్‌లైన్లో కెప్టెన్. పోయిన సంక్రాంతికి కలిసినప్పుడు ఇవన్నీ వాడికి చెప్పాను, వీయూ సంగతి దగ్గర నవ్వాడు. ఇప్పుడు రోజూ ఏ పేరుతో మాట్లాడతావురా అంటే, కంపెనీ పేరూ ఫ్లైట్ నంబరూ, రోజుకి నాలుగు మారతాయి అన్నాడు. మరి విమానం పేరు? ఎదురుగా ప్యానెల్ మీద చిన్న ప్లేట్ ఉంటుంది, లాగ్ బుక్కులో రాయడానికి దాన్ని చూసుకుంటానన్నాడు. నేర్చుకున్న మొదటి సెస్నాది మాత్రం అడక్కుండానే చెప్పాడు, వీటీ నుంచి మొదలుపెట్టి, అయిదక్షరాలూ.